పనిమనిషి పాత్రకు మా అమ్మమ్మ గొంతు

మా అమ్మ సీరియల్ చూడదు, వింటుంది. సాయంత్రం ఏడు దాటాక విశాఖ మర్రిపాలెంలో మా ఇంటి హాల్లో టీవీ దాని మానాన అది నడుస్తూ ఉంటుంది. అమ్మ వంటగదిలో గోంగూర తుంచుతూనో, చారుకి పోపు పెడుతూనో, కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతూనో ఉంటుంది. హాల్లోంచి పిడుగు పడ్డట్టు మూడుసార్లు మోత వినిపిస్తే మాత్రం చేతిలో గరిటెతో గుమ్మం దాకా వస్తుంది. అప్పటికి తెర మీద అత్తగారి మొహం, కోడలి మొహం, మళ్లీ అత్తగారి మొహం ఇంకా దగ్గరగా. "అదిగో, కాగితాలు దానికి దొరికేశాయి" అనేసి వెనక్కి వెళ్లిపోతుంది. ఒక్క డైలాగు లేకుండా జరిగిన సీను అది. అయినా ఆవిడకి అర్థమైంది.

పని చేసుకునే మనిషికి తల తిప్పే తీరిక ఉండదని తెలిసి అల్లిన శిల్పం ఇది. ఒకే సంగతిని పాత్ర మనసులో అనుకుంటుంది, తర్వాత పక్కవాళ్లకి చెబుతుంది, రేపు మొదట్లో 'నిన్న జరిగిన కథ'లో మళ్లీ వస్తుంది. మనం ఎక్కడ వదిలేసినా అక్కడ అందుకోవచ్చు. 1980ల మొదట్లో టానియా మోడ్లెస్కీ అనే అమెరికన్ విమర్శకురాలు పగటిపూట సీరియళ్ల గురించి ఇదే గమనించింది: ఇంటిపని ఎలా తెగుతూ, అతుక్కుంటూ, ఎప్పటికీ పూర్తికాకుండా సాగుతుందో ఆ కథలూ అలాగే సాగుతాయని. ఆ పుస్తకం చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది మా అమ్మ చేతిలోని గరిటే.

అమ్మ వినడమే కాదు, వ్యాఖ్యానం కూడా చేస్తుంది. "పట్టుచీర కట్టుకుని పడుకుంటారేటి ఎవరైనా?" "ఆ తాళి పట్టుకుని ఏడ్చే బదులు ఏదో ఉద్యోగం చూసుకోవచ్చు కదా, డిగ్రీ చదివిందని మొదట్లో చెప్పారు." "వీడికి ముగ్గురు పెళ్లాలైనా వీడే మంచోడు. ఆ పిల్ల ఫోన్‌లో మాట్లాడితే మాత్రం తప్పు." ఇవన్నీ వంటగదిలోంచే, పోపు చిటపటల మధ్య. ఏ స్త్రీవాద సెమినార్‌లోనైనా నిలబడే మాటలు.

పీజీ రెండో ఏడాది డిజర్టేషన్‌కి టాపిక్ ఇవ్వమంటే నేను ఈ వ్యాఖ్యానాన్నే టాపిక్‌గా పెట్టాను. మా గైడ్ కళ్లజోడు తీసి నావంక చూసి, "సీరియళ్లా? ఏదైనా సీరియస్ టాపిక్ చూసుకోమ్మా" అన్నారు. సీరియల్‌కీ సీరియస్‌కీ ఒక్క అక్షరమే తేడా అని నోటిదాకా వచ్చింది గానీ మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి.

ఆయన్ని తప్పుపట్టను. సాహిత్యం ఏ వర్గం పక్షమో నిలదీసి అడగడం ఈ ఊరికి కొత్త కాదు. 1970లో శ్రీశ్రీ షష్టిపూర్తి విశాఖలో జరిగినప్పుడు ఇక్కడి విద్యార్థులు 'రచయితలారా, మీరెటువైపు?' అని కరపత్రం పంచారు. ఆ ఏడాదే విరసం (విప్లవ రచయితల సంఘం) పుట్టింది. కథని, కవితని, నవలని ఆ ప్రశ్నతో మూడు తరాలు చీల్చి చెండాడాయి. కానీ ఆ ప్రశ్న టీవీ దాకా రాలేదు. రోజూ రెండున్నర గంటలు ఇంటింటా వినిపించే కథ ఎటువైపో అడగడం నామోషీ అయిపోయింది. దానికి కారణం కళా ప్రమాణాలు అంటారు గానీ, ఆ కథలు ఆడవాళ్లు చూసేవి కావడమే అసలు కారణమని నా అనుమానం. (మగవాళ్లు చూడరా అంటే చూస్తారు. మా నాన్న పేపరు అడ్డం పెట్టుకుని చూసేవారు. పేపరు మాత్రం అదే పేజీలో ఉండేది.)

సరే, చివరికి టాపిక్ ఒప్పుకున్నారు. 'సిద్ధాంతం గట్టిగా ఉండాలి' అని షరతు. సిద్ధాంతం అంటే ముందు స్టువర్ట్ హాల్. జమైకాలో పుట్టి, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పనిచేసిన ఈయన 1973లో ఎన్‌కోడింగ్, డీకోడింగ్ అని ఒక పేపరు రాశాడు. అంతకు ముందు టీవీని ఇంజెక్షన్‌లా చూసేవారు: వాళ్లు పొడుస్తారు, మనకి ఎక్కుతుంది. హాల్ కాదన్నాడు. తయారుచేసేవాడు ఒక అర్థం పెట్టి పంపుతాడు, చూసేవాడు మూడు రకాలుగా అందుకోవచ్చు. యథాతథంగా ఒప్పుకోవచ్చు, కొంత ఒప్పుకుని కొంత బేరమాడవచ్చు, లేదా పూర్తిగా ఎదురు తిరిగి చదవవచ్చు.

ఇది విదేశీ సంగతి అనుకోనక్కర్లేదు. మన దేశంలో సీరియల్ పుట్టిన రోజే ఇది రుజువైంది. 1984 జూలైలో దూరదర్శన్‌లో 'హమ్ లోగ్' మొదలైంది. మెక్సికోలో మిగెల్ సబీడో అనే ఆయన కథల ద్వారా కుటుంబ నియంత్రణ, అక్షరాస్యత బోధించిన పద్ధతి చూసి ఇక్కడా అలాగే చేద్దామనుకున్నారు. ప్రతి ఎపిసోడ్ చివర అశోక్ కుమార్ వచ్చి నీతి చెప్పేవారు. మధ్యలో మ్యాగీ నూడుల్స్ ప్రకటన. ఆ కథలో భాగవంతి అనే తల్లి పాత్ర ఉంది. భర్త తిట్టినా, అత్త సాధించినా నోరెత్తదు. 'ఇలా ఉండకండి' అని చెప్పడానికే ఆ పాత్రని పెట్టారు. తీరా ప్రేక్షకుల్ని పరిశోధకులు అడిగి చూస్తే, చాలామంది 'ఉంటే ఆవిడలా ఉండాలి' అన్నారట. ప్రభుత్వం పంపిన ఉత్తరం ఒకటి, జనం చదువుకున్నది ఇంకొకటి.

నెదర్లాండ్స్‌లో ఇయెన్ ఆంగ్ అనే పరిశోధకురాలు 'డల్లాస్' అనే అమెరికన్ సీరియల్ మీద ఇలాంటి పనే చేసింది. ఆడవాళ్ల పత్రికలో చిన్న ప్రకటన వేసి, ఆ సీరియల్ మీకెందుకు నచ్చుతుందో, లేదా నచ్చదో రాయమంది. 42 ఉత్తరాలొచ్చాయి. వాటితోనే పుస్తకం. నాకు ఆ 42 అనే అంకె చాలా ధైర్యం ఇచ్చింది. నేను మా వీధిలో 11 మందిని అడిగాను, అమ్మతో కలిపి.

ఆ 11 మంది మాటలూ పేర్చి, హాల్ గీసిన మూడు గదుల్లో సర్ది, మా అమ్మ ఎదురు తిరిగి చదివే పాఠకురాలని తేల్చాను. చెప్పిన అర్థాన్ని మింగకుండా ఉమ్మేస్తోందని. ఫస్ట్ క్లాస్ వచ్చింది. గైడ్ చేయి కలిపారు. ఇప్పుడు ఆ డిజర్టేషన్ తీసి చూస్తే సగం తప్పు రాశానని తెలుస్తోంది. అమ్మ ఉమ్మేసింది తాళిని, పట్టుచీరని, మూడు పెళ్లిళ్ల మంచోణ్ణి. మింగింది ఇంకొకటి ఉంది. దాని రుచి నాకూ తెలియలేదు, ఎందుకంటే అది నేనూ మింగాను.

అది చెప్పాలంటే ముందు కంపెనీ గురించి చెప్పాలి.

సీరియల్లో ప్రతి పెద్దింటికీ ఒక కంపెనీ ఉంటుంది. దాని ఎండీ కుర్చీ కోసమే సగం కథ. పొద్దున టిఫిన్ దగ్గర "కోట్ల డీల్" అంటారు. ఎవరో ఒక ఫైలు తెచ్చి సంతకం పెట్టమంటారు, చదవకుండా పెట్టేస్తారు, దాంతో ఆస్తి పోతుంది. ఆ కంపెనీ ఏం తయారుచేస్తుంది? సిమెంటా, మందులా, సబ్బులా? వెయ్యి ఎపిసోడ్లు నడిచిన సీరియల్లో కూడా తెలియదు. అక్కడ పనిచేసేవాళ్లు ఒక్కసారీ కనపడరు. కనపడితే ఎండీ గారు గదిలోకి వచ్చినప్పుడు లేచి నిలబడే నలుగురు మాత్రమే.

ఇది చూస్తున్నది ఎవరు? విశాఖపట్నం వాళ్లం. గాజువాకలో పసిపిల్లని లేపి అడిగినా స్టీల్‌ప్లాంట్‌లో ఏ షిఫ్టు ఎప్పుడు మారుతుందో చెబుతుంది. మల్కాపురం వాళ్లకి రాత్రిళ్లు రిఫైనరీ మంటే దీపం. వన్‌టౌన్‌లో కిటికీ చువ్వల మీద వేలు పెట్టి గీస్తే పోర్టు ఏ సరుకు దింపిందో తెలుస్తుంది. సింధియా అని మనం దిగే బస్టాపు పేరే ఓడల కంపెనీది. ఇక్కడి యార్డులోంచే 1948లో 'జల ఉష' నీళ్లలోకి దిగింది. మా నాన్న డీజిల్ షెడ్‌లో చేసేవారు, ఆయన చొక్కాకి ఏ రోజు ఏ పని పడిందో అమ్మ వాసనతో చెప్పేది. ఎవరు ఏం తయారుచేస్తారో, దానికి ఎవరి ఊపిరితిత్తులు ఖర్చవుతాయో ఇంతగా తెలిసిన ఊరు, ఏమీ తయారుచేయని కంపెనీల కథని రోజూ ఐదు సీరియళ్ల చొప్పున వింటోంది. ఎవరికీ వింతగా లేదు.

వింతగా లేకపోవడం అన్న దాని గురించి ఇటలీ మార్క్సిస్టు ఆంటోనియో గ్రామ్షీ జైల్లో కూర్చుని చాలా రాశాడు. ఆధిపత్యం అంటే లాఠీ ఒక్కటే కాదు, 'ఇది మామూలే కదా' అనిపించే ఇంగితం కూడా అంటాడు. మనం భావజాలం అనే మాట వాడినప్పుడు సాధారణంగా ఎవరో పైకి చెప్పే సిద్ధాంతాన్ని అనుకుంటాం. సీరియల్లో భావజాలం వెతకమంటే పరీక్షలో అందరం రాసేది బొట్టు, తాళి, వ్రతాలు, నల్లగా ఉన్న కోడలికి అవమానం. అవి ఉన్నాయి. అవి పైకి కనిపిస్తాయి కాబట్టే అమ్మ వాటికి గరిటెతో జవాబు చెప్పగలుగుతోంది. కనిపించనిది కథ నడిచే తీరు. సీరియల్లో ఏ కష్టమైనా ఎందుకొచ్చింది? ఒక మనిషి చెడ్డది కాబట్టి. (చాలాసార్లు ఆడమనిషే. మగవాడైతే ఆఖర్న మారిపోతాడు.) జీతం చాలక కాదు, అద్దె పెరిగి కాదు, ఆసుపత్రి బిల్లు వచ్చి కాదు. బిల్లు వచ్చినా ఆ ఆపరేషన్ వెనక ఎవరో కుట్ర చేసి ఉంటారు. కష్టం ఎలా తీరుతుంది? ఆ మనిషి ముసుగు తొలగితే. మంచివాళ్లు ఓర్చుకుంటే. అంతే, రెండు మెట్లు.

2020 మే 7 మా అందరికీ గుర్తే. లాక్‌డౌన్ రోజులు. తెల్లవారుజామున ఆర్‌.ఆర్‌.వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ట్యాంకులోంచి బయటికి వచ్చి ఊరి మీద పడింది. నిద్రలో ఉన్నవాళ్లు లేచి పరుగెత్తి రోడ్ల మీద పడిపోయారు. 12 మంది చనిపోయారు. మా ఇంటికి వాసన రాలేదు గానీ ఫోన్లు వచ్చాయి. గోపాలపట్నంలో మా పెద్దనాన్న వాళ్లు తలుపులు బిగించుకుని తడిగుడ్డలు కట్టుకుని కూర్చున్నారు. టీవీ పెట్టాం. పడిపోయిన ఆవుల్ని, భుజాన పిల్లల్ని వేసుకుని పరుగెత్తే వాళ్లని చూపిస్తూ, ఆ బొమ్మల వెనక మూడు దెబ్బల మోత. సాయంత్రం సీరియల్లో వినే అదే మోత. ఒకే బొమ్మ మూడుసార్లు, ప్రతిసారీ ఇంకొంచెం దగ్గరగా. కింద స్క్రోలింగ్‌లో 'ఈ పాపం ఎవరిది?' అని.

రెండు రోజులు వరసగా అదే ప్రశ్న. అమ్మ కూడా అంది, "ఎవడో కావాలనే వదిలేసుంటాడు. లోపల వాళ్లలో వాళ్లకి ఏవో గొడవలుంటాయి." అంటే ఒక విలన్ కావాలి, వాడికో రహస్యం కావాలి. తాళి కథని నమ్మని మా అమ్మే అన్న మాట అది.

జూలైలో ప్రభుత్వ కమిటీ రిపోర్టు వచ్చింది. అందులో ఉన్నవి విలన్లు కాదు. ట్యాంకు డిజైన్ బాగాలేదు. చల్లబరిచే ఏర్పాటు చాలలేదు. ఉష్ణోగ్రత ట్యాంకు అడుగున చూస్తున్నారు తప్ప పైన ఎంత ఉందో తెలిసే దారి లేదు. లాక్‌డౌన్‌లో సరుకు కదలకుండా నిలవ ఉండిపోయింది. సైరన్లు ఉన్నాయి, మోగలేదు. ఎవరి నిర్లక్ష్యమో కూడా రిపోర్టు చెప్పింది, అరెస్టులూ అయ్యాయి. కానీ అందులో అసలు భయం పుట్టించేది ఎవడో ఒకడి దుర్మార్గం కాదు. రోజూ కొంచెం కొంచెంగా, ఫైళ్ల మీద మామూలుగా సంతకాలు పడుతూ, ఎవరికీ వింతగా అనిపించకుండా అక్కడ ప్రమాదం పేరుకుపోవడం. ఆ రిపోర్టు వచ్చిన రోజు టీవీల్లో ఎంత సేపు నడిచిందో చూశాను. ట్యాంకు అడుగున థర్మామీటరు ఉండటాన్ని మూడు దెబ్బల మోతతో చూపించడం కష్టం మరి. దానికి మొహం లేదు, దగ్గరగా జూమ్ చేయడానికి.

నేను అనేది ఇదీ. సీరియల్ మనకి ఏ పార్టీకి ఓటెయ్యాలో నేర్పదు. 'ఎందుకు?' అనే ప్రశ్నకి ఎలాంటి జవాబు వస్తే సంతృప్తి పడాలో నేర్పుతుంది. ఆ అలవాటు ఏడున్నరకి మొదలై తొమ్మిది గంటల వార్తల్లోకి పారుతుంది. రేమండ్ విలియమ్స్ అనే వెల్ష్ విమర్శకుడు 1974లో టీవీని 'ప్రవాహం' అన్నాడు. ఓడలో అట్లాంటిక్ దాటి మయామీలో దిగి, హోటల్ గదిలో టీవీ పెడితే, సినిమా ఏదో, మధ్యలో ప్రకటన ఏదో, రేపు రాబోయే సినిమా ముక్కలు ఏవో కలిసిపోయి కనపడ్డాయట. వేటికవి విడి కార్యక్రమాలు కావు, అంతా ఒకే నీరు అన్నాడు. ఆ మాట మన టీవీకి ఇంకా బాగా నప్పుతుంది. చర్చా కార్యక్రమాల్లో రాజకీయం పూర్తిగా ఇంటి గొడవ అయిపోయింది. వెన్నుపోటు, వారసత్వం, కన్నీళ్లు, ఆస్తి కాగితాలు. మామా అల్లుళ్ల కథ, అన్నా చెల్లెళ్ల కథ తెలుగువాళ్లకి విడమరచి చెప్పాలా? బడ్జెట్‌లో ఏముందో అడిగితే మాత్రం ఎవరికీ తెలియదు.

సీరియల్, రాజకీయం అనగానే అందరూ ఎత్తేది 1987 నాటి 'రామాయణ్'. ఎత్తాల్సిందే. ఆ జనవరి 25న మొదలై ఏడాదిన్నర పాటు ఆదివారం పొద్దున దేశాన్ని కట్టిపడేసింది. రైల్వే క్వార్టర్స్‌లో మా వరసకి ఒక్కటే టీవీ ఉండేదని, హిందీ ఒక్క ముక్క రాకపోయినా 30 మంది నేల మీద కూర్చుని చూసేవారని అమ్మ చెబుతుంది. ఒకావిడ టీవీకి హారతి ఇచ్చేదట. సీతగా వేసిన దీపికా చిఖలియా, రావణుడుగా వేసిన అర్వింద్ త్రివేది ఇద్దరూ 1991లో గుజరాత్‌ నుంచి బీజేపీ ఎంపీలయ్యారు. రాముడుగా వేసిన అరుణ్ గోవిల్ 2024లో మీరట్ నుంచి గెలిచారు. రావణుడు రాముడికన్నా 33 ఏళ్లు ముందే పార్లమెంటుకి వెళ్లాడన్నమాట. ఆ సీరియల్‌కీ, ఆ దశాబ్దపు హిందూత్వ రాజకీయాలకీ ఉన్న సంబంధం మీద అరవింద్ రాజగోపాల్ పెద్ద పుస్తకమే రాశారు. ఆయన కూడా సీరియల్ చూసి జనం మారిపోయారని అనడు, అంత తేలికైన మాట కాదది. వేర్వేరు జనాల్ని ఒకే తెర ముందు కూర్చోబెట్టిన ఆ ఏర్పాటుని ఒక రాజకీయం వాడుకోగలిగిందంటాడు. కానీ నాకు రామాయణ్ కన్నా సాయంత్రం ఏడున్నర సీరియలే ఎక్కువ అనుమానాస్పదం. దానికి హారతి ఎవరూ ఇవ్వరు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. కథ అంటేనే మంచీ చెడూ కదా, ట్యాంకు డిజైన్ గురించి కథలెవరు వింటారు? జనానికి మెలోడ్రామా కావాలి, అది మన రక్తంలో ఉంది, పద్యనాటకం నుంచి అదే కదా?

నేను బుర్రకథ గుర్తుచేస్తాను. నడుమ కథకుడు తంబూరా పట్టుకుంటే రెండు పక్కలా గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒక వంత పని హాస్యం. ఇంకో వంత పని రాజకీయం. మన జానపదుల కళారూపంలో రాజకీయానికి ఒక మనిషిని, ఒక వాయిద్యాన్ని ఇచ్చి నిలబెట్టారు. కథ ఎంత ఏడిపిస్తున్నా మధ్యలో ఆపి, 'అది సరే, ఇది ఎందుకిలా జరిగింది?' అని అడగడం ఆ వంత హక్కు. 1940ల్లో ప్రజానాట్యమండలి నాజర్ ఆ రూపంలోనే బెంగాల్ కరువు కథ చెప్పి జనాన్ని ఏడిపించాడు. తిండిగింజలు లేక కాదు, ఉండీ అందక చచ్చారని అదే ఏడుపులో చెప్పాడు. ఏడుపు అడ్డం రాలేదు. కాబట్టి జనానికి అర్థం కాదనే మాట నేను ఒప్పుకోను.

మా హాల్లో కూడా బుర్రకథ ఉంది. గుమ్మం దగ్గర గరిటెతో హాస్యం వంత నిలబడి ఉంది, అదరగొడుతోంది. రాజకీయం వంత చోటే ఖాళీ. నా డిజర్టేషన్‌లో నేను ఒక్క వంతనే చూసి ఇద్దరూ ఉన్నారని రాసేశాను.

సిద్ధాంతాలన్నీ ఒకదాన్ని ఒకటి కొట్టుకునే చోట ఒక చిన్న పెట్టె ఉంటుంది. ప్రేక్షకులు ఎదురు తిరుగుతారా లేదా అని మేం వాదించుకుంటాం గానీ ఆ పెట్టెకి ఈ వాదనతో పనిలేదు. దేశం మొత్తం మీద ఎంపిక చేసిన కొన్ని పదుల వేల ఇళ్లలో, టీవీ రేటింగులు లెక్కగట్టే బార్క్ సంస్థ వాళ్ల మీటర్లు ఉంటాయి. ఏ ఇళ్లో బయటికి చెప్పరు. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో బటన్, టీవీ ముందు కూర్చున్నవాళ్లు నొక్కాలి. గురువారం రేటింగులొస్తాయి, దాన్ని బట్టి ఎవరు చావాలో, ఎవరు కోమాలోంచి లేవాలో తేలుతుంది. ఆ మీటర్ టీవీ శబ్దాన్ని వింటుంది. అమ్మ తిట్టుని వినదు. "ఛీ, దరిద్రపు సీరియల్" అంటూ చూసినా, చేతులు జోడించి చూసినా దానికి ఒకటే. డాలస్ స్మైథ్ అనే కెనడా ఆయన 1977లోనే తేల్చి చెప్పాడు: టీవీ మనకి కథలు అమ్మడం లేదు, మనల్ని ప్రకటనలిచ్చేవాళ్లకి అమ్ముతోంది. సరుకు తిట్టుకుంటోందా మెచ్చుకుంటోందా అని కొనేవాడు అడగడు. ప్రేక్షకులు తెలివైనవాళ్లు, వాళ్లని తక్కువ అంచనా వేయకండి అని మేం రాసిన వ్యాసాలు నిజానికి మమ్మల్ని మేం ఓదార్చుకోవడానికే పనికొచ్చాయేమో.

చివరగా, నన్ను ఈ వ్యాసం రాయించిన సంగతి.

పోయిన నెల ఒక సాయంత్రం. అమ్మ ఆ రోజు వంట ముందే ముగించి హాల్లో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. సీరియల్లో పెద్దింటి హాలు, మెట్లు, షాండ్లియర్. పట్టుచీర అత్తగారు పుస్తకంలో ఉన్నంత శుభ్రమైన తెలుగు మాట్లాడుతోంది. పనిమనిషి లోపలికి పరుగెత్తుకొచ్చింది. "ఓలమ్మో ఓలమ్మో, నానేటి సేసేది అమ్మగోరూ, సిన్నబాబు బేగి ఎల్లిపోనాడు!" వెనక కొయ్‌ఁ కొయ్‌ఁ మని నవ్వించే సంగీతం. అమ్మ ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వాక గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది.

అది మా అమ్మమ్మ గొంతు. నరసన్నపేట దగ్గర పల్లెలో, జీడితోటలో, "బేగి రాయే గుంటా" అని నన్ను పిలిచిన గొంతు. వేసవి సెలవుల్లో నాకు చద్దన్నం పెట్టిన మాట. హైదరాబాద్‌లో తీసే సీరియళ్లలో ఆ మాటకి దొరికే ఉద్యోగాలు నేను లెక్క చూశాను: పనిమనిషి, వాచ్‌మన్, దొంగ, పెళ్లిసంబంధం చెడగొట్టే పక్కింటావిడ. ఎండీ కుర్చీలో కూర్చున్న మనిషి ఒక్కడంటే ఒక్కడు 'ఏటి' అనగా నేను వినలేదు. గురజాడ ఊరికి గంటన్నర దూరంలో కూర్చుని ఇది చూస్తున్నాం. అందరూ మాట్లాడేదే భాష అని ఆయన పోట్లాడి నూరేళ్లు దాటింది.

"అమ్మా, అమ్మమ్మ అలాగే కదా మాట్లాడేది" అన్నాను.

"అవును" అంది అమ్మ. ఈనె తీసి పళ్లెంలో వేసింది. "ఆ పిల్లకి సరిగ్గా రావట్లేదు. 'ఎల్లిపోనాడు' అలా సాగదీయరు." మళ్లీ తెర వైపు తిరిగింది. ఇదేం పఠనం? స్టువర్ట్ హాల్ గదుల్లో దీన్ని ఎక్కడ పెట్టాలి? ఎదురు తిరగనూ లేదు, ఒప్పుకోనూ లేదు. యాస తప్పు పట్టింది.

ఇంతలో ఫోన్ మోగింది. టెక్కలి నుంచి పిన్ని. వాళ్ల వైపు మధ్యాహ్నం నుంచి కరెంటు లేదట, సీరియల్ పోయిందట, ఏమైందో చెప్పమంది. అమ్మ రిమోట్ నొక్కి టీవీ గొంతు నొక్కేసింది. తెర మీద అత్తగారు పెదాలు కదుపుతూనే ఉంది. అమ్మ కాళ్లు మడుచుకుని సర్దుకుంది, చెల్లెలితో మాట్లాడేటప్పుడు మాత్రమే వచ్చే గొంతు తెచ్చుకుంది.

"ఏటి సెప్పీదే," అని మొదలెట్టింది. "ఆ ముసిల్ది మెట్ల మీద నిలబడి, 'ఏటే, ఆస్తి కాయితాలు ఏటి సేసినావే, నిజం సెప్పు' అని అడిగింది. ఆ కోడలు గుంట ఏటంది? 'నాకేటి తెలుసు అత్తా, నాను తియ్యనేదు' అంది..."

షాండ్లియర్ కింద అందరూ అలాగే మాట్లాడుతున్నారు. అత్తగారు, ఎండీ గారు, లాయరు, డాక్టరు. అవతల పిన్ని 'ఊఁ' కొడుతోంది. ఎవరూ నవ్వడం లేదు. "మరి ఆ పెద్ద కంపినీ ఎవలికి పోద్దే?" అని పిన్ని అడిగినట్టుంది.

"ఎవలికి పోతే మనకేటే," అంది అమ్మ. "అయినా ఆ కంపినీలో ఏటి సేస్తారో ఎప్పుడైనా సూపించారేటి?"